పటం మీద పొలిమేర

ఊరికి పొలిమేర, చేనికి గట్టు, పెరటికి దడి, చెరువుకు శిఖం – హద్దులేని జీవనం తెలుగువారికి ఏనాడూ లేదు. పూర్వం ఆ హద్దులను మనుషులు నేల మీద నిలబడి నిర్ణయించేవారు. ఊరి పెద్దలు, కరణం, ఇరుగుపొరుగు రైతులు చూస్తుండగా గొలుసు లాగి హద్దురాయి పాతేవారు. ఆ నిర్ణయం అందరికీ నచ్చకపోవచ్చు. కాని దానిని ఎవరు చేశారో, ఎక్కడ నుంచి కొలిచారో ఊరందరికీ తెలిసి ఉండేది.

నేడు అనేక హద్దులు కంప్యూటర్ తెర మీద జన్మిస్తున్నాయి. వాటిలో సామాన్య కుటుంబాల బ్రతుకును ఎక్కువగా తాకుతున్నది ‘బఫర్ జోన్’. ఒకప్పుడు పటాల నిపుణులకే పరిమితమైన ఈ మాట ఇప్పుడు దినపత్రికల మొదటి పుటకు ఎక్కింది. 2024 జూలైలో హైదరాబాదులో ‘హైడ్రా’ సంస్థ ఏర్పడి, చెరువుల హద్దులలోని కట్టడాలను తొలగించనారంభించిన పిమ్మట, స్వస్థలంలో ఇల్లో స్థలమో కొనుక్కున్న ప్రవాస తెలుగు కుటుంబాలకు సైతం ఈ మాట కొత్తది కాకుండా పోయింది.

బఫర్ రేఖను యంత్రం గీస్తుంది కనుక అది శాస్త్రీయమనీ, శాస్త్రీయం కనుక ప్రశ్నించరానిదనీ ఒక భావం వ్యాపించి ఉన్నది. ఈ భావం సరియైనది కాదు. యంత్రం చేసేది కొలత మాత్రమే. దేని నుంచి కొలవాలి, ఎంత దూరం కొలవాలి, ఏ కొలబద్దతో కొలవాలి అనే మూడు నిర్ణయాలూ మనుషులవే. ఆ మూడింటినీ ప్రజల ముందు ఉంచని బఫర్ రేఖ, ఎంత నునుపుగా కనిపించినా, సాక్షులు లేకుండా పాతిన హద్దురాయి వంటిదే.

బఫర్ అనగానేమి?

భౌగోళిక సమాచార వ్యవస్థ, అనగా జి.ఐ.ఎస్., పటాన్నీ పట్టికనూ కలిపి చదవగల కంప్యూటర్ సాధనం. 1960వ దశకంలో కెనడా దేశపు భూ వనరులను లెక్కగట్టడానికి రోజర్ టామ్లిన్సన్ ఆధ్వర్యాన రూపొందిన వ్యవస్థ దీనికి ఆద్యమని చెబుతారు. ఈ వ్యవస్థలో లోకంలోని వస్తువులు ప్రధానంగా మూడు రూపాలలో ఉంటాయి. బావి ఒక బిందువు. రహదారి ఒక గీత. చెరువు ఒక మూసిన ఆకారం.

ఈ మూడింటిలో దేని చుట్టూనైనా, నిర్ణీత దూరంలోపల ఉన్న చోటునంతా ఒక కొత్త ఆకారంగా గుర్తించడమే బఫర్ గీయడం. బావి చుట్టూ గీస్తే వృత్తం వస్తుంది. రహదారి వెంట గీస్తే కొసలు గుండ్రంగా ఉన్న పట్టీ వస్తుంది. చెరువు చుట్టూ గీస్తే దాని వంపులన్నిటినీ అనుసరించే వడ్డాణం వస్తుంది. దగ్గరగా ఉన్న రెండు బఫర్లు ఒకదానిపై ఒకటి పడినప్పుడు వాటి మధ్య గీతలను చెరిపి ఒకే ఆకారంగా కలుపవచ్చు. తరువాత ఆ ఆకారాన్ని సర్వే నంబర్ల పటం మీద పరిస్తే, ఏ స్థలం లోపల ఉందో, ఏది వెలుపల ఉందో క్షణాలలో జాబితా సిద్ధమవుతుంది. ఒకప్పుడు వృత్తలేఖినితో, పలుచని కాగితంతో రోజుల తరబడి సాగిన పని ఇది. ఆ సౌలభ్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని సులభంగా వచ్చిన జవాబును మనుషులు సులభంగానే నమ్ముతారు. అసలు ప్రమాదం అక్కడ ఉన్నది.

కొలబద్దలోని మెలికలు

మొదట కొలబద్ద సంగతి. భూమి గుండ్రన, పటం బల్లపరుపు. కనుక ఏ పటంలోనైనా కొంత సాగదీత తప్పదు. పటం అక్షాంశ రేఖాంశాలలో ఉండగా ఎవరైనా దూరం గడిలో 30 అని వ్రాస్తే, కొన్ని సాఫ్ట్‌వేర్లు దానిని 30 మీటర్లుగా గాక 30 డిగ్రీలుగా గ్రహిస్తాయి. ఒక అక్షాంశ డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. చెరువు చుట్టూ గీయబోయిన పట్టీ మూడు వేల కిలోమీటర్లకు పైగా వ్యాపించి దేశాలనే మింగుతుంది. ఇంత పెద్ద తప్పు కంటికి కనిపిస్తుంది కనుక దానితో చిక్కు లేదు.

చిక్కంతా కనిపించని తప్పుతోనే. ఇంటర్నెట్ పటాలలో అత్యధికం వాడే ‘వెబ్ మెర్కేటర్’ పద్ధతిలో, భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ నేల సాగి కనిపిస్తుంది. ఆ పటం మీద నేరుగా 10 కిలోమీటర్ల బఫర్ గీస్తే, నేల మీద అది హైదరాబాదులో సుమారు 9.5 కిలోమీటర్లు, న్యూజెర్సీలోని నెవార్క్‌లో 7.6, లండన్‌లో 6.2 కిలోమీటర్లు మాత్రమే. ఆజ్ఞ ఒక్కటే, అంకె ఒక్కటే, ఫలితాలు మూడు. దీనికి విరుగుడు లేకపోలేదు. ఆయా ప్రాంతానికి తగిన పటపద్ధతిని ఎన్నుకోవడమో, భూమి వంపును లెక్కలోకి తీసుకొని కొలవడమో చేస్తే సరిపోతుంది. కాని ఎన్నుకోవలసింది మనిషే.

మరొక సూక్ష్మం ఉన్నది. కంప్యూటర్ గీసే వృత్తం నిజమైన వృత్తం కాదు. సరళరేఖలతో కూడిన బహుభుజి. క్యూ.జి.ఐ.ఎస్. అనే ప్రసిద్ధమైన ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ మార్చకుండా వదిలివేస్తే వృత్తపు పావు భాగానికి 5 గీతలు, మొత్తం 20 గీతలు వస్తాయి. అటువంటి ఇరవై భుజాల ఆకారంలో మూలలు మాత్రమే 10 కిలోమీటర్లను అందుకుంటాయి. ప్రతి భుజం నడిమి భాగం 123 మీటర్లు లోపలికి ఉంటుంది. 123 మీటర్లంటే ఒక వీధి, కొన్ని ఇళ్లు. గీతల సంఖ్య పెంచితే ఈ దోషం దాదాపు మాయమవుతుంది. అయితే పెంచారా లేదా అన్నది అచ్చయిన పటం చూసి సామాన్యుడు చెప్పలేడు.

ఒడ్డు ఎక్కడ ఉన్నది?

కొలబద్ద కంటె కఠినమైన ప్రశ్న, కొలత ఎక్కడ ప్రారంభం కావాలన్నది. చెరువుకు సంబంధించినంత వరకు చట్టం చెప్పే జవాబు ‘పూర్తి నీటిమట్టం’, వ్యవహారంలో ఎఫ్.టి.ఎల్. చెరువు నిండి, మిగులు నీరు అలుగు మీదుగా పొర్లే వేళకు నీరు ఎంతవరకు పరచుకొని ఉంటుందో అది ఆ చెరువు హద్దు. చెప్పడానికి ఇది సులభం. కాని చెరువు ఏడాది పొడవునా నిండి ఉండదు. కొన్నేళ్లు అసలే నిండదు. ఎండిన శిఖంలో పైరు వేస్తారు, దారి పడుతుంది, ఆ పిమ్మట గుడిసె లేస్తుంది. నీరు లేని చోట నీటి హద్దును కంటితో చూసి గీయలేరు. నేల ఎత్తుపల్లాల కొలతల నుంచి లెక్కగట్టాలి.

అక్కడ చిన్న తేడా పెద్దదవుతుంది. నూరు మీటర్లకు అర మీటరు చొప్పున వాలు ఉన్న నేలలో, అలుగు ఎత్తును పది సెంటీమీటర్లు తప్పుగా తీసుకుంటే నీటి హద్దు 20 మీటర్లు జరుగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వెలువడిన భవన నిర్మాణ నియమాలు పది హెక్టార్ల కంటె చిన్న చెరువులకు విధించిన బఫర్ 9 మీటర్లు. అంటే బఫర్ వెడల్పు కంటె మూలరేఖలోని సందేహమే రెండింతలకు మించవచ్చునన్న మాట.

ఉపగ్రహ చిత్రాలు సాయపడతాయి గాని, వాటికీ పరిమితి ఉన్నది. దశాబ్దాల పాత చిత్రాలు ఉచితంగా దొరికే లాండ్‌శాట్‌లో ఒక్కొక్క చుక్క నేల మీద 30 మీటర్ల చదరం. 1995 డిసెంబరులో భారతదేశం ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.–1సి ఉపగ్రహపు నలుపు తెలుపు చిత్రాలలో అది 5.8 మీటర్లకు తగ్గింది. ఆ కాలానికి అది గొప్ప ఘనత. అయినా 30 మీటర్ల చుక్కల చిత్రం చూసి 9 మీటర్ల హద్దును నిర్ణయించడం, గజం బద్దతో సూది మందాన్ని కొలవడమే.

పది హెక్టార్ల గడప

పైన చెప్పిన 2012 నియమాలలోనే మరొక అంశం ఉన్నది. చెరువు విస్తీర్ణం పది హెక్టార్లు గాని, అంతకు మించి గాని ఉంటే బఫర్ 30 మీటర్లు. అంతకు తగ్గితే 9 మీటర్లు. ఈ గడప ఎంత విలువైనదో లెక్క వేసి చూడవచ్చు. సరిగ్గా పది హెక్టార్ల గుండ్రని చెరువు ఉన్నదనుకుంటే, దాని చుట్టూ 30 మీటర్ల పట్టీ సుమారు తొమ్మిది ఎకరాలు. అదే చెరువును సర్వేలో పది హెక్టార్లకు రవంత తక్కువగా చూపితే పట్టీ రెండున్నర ఎకరాలకు పడిపోతుంది. చెరువు పరిమాణంలో మార్పు దాదాపు లేదు. కట్టడాలకు విడుదలయ్యే నేల మాత్రం ఆరున్నర ఎకరాలు.

నగర పరిసరాలలో ఎకరం ధర తెలిసినవారికి ఈ ఆరున్నర ఎకరాల ఆకర్షణ ఎంతటిదో వివరించనక్కరలేదు. మట్టి పోసి ఒక మూల పూడ్చినా, అలుగును కొంచెం దించినా, కొలతలో ఒక పక్కకు మొగ్గినా ఆ గడప దాటవచ్చు. ఇందులో కంప్యూటర్ దోషం ఏమీ లేదు. దానికి 9 అని చెబితే 9, 30 అని చెబితే 30 గీస్తుంది. కంచె చేను మేయడమనే సామెత ఇక్కడ వర్తిస్తుంది; కాకపోతే ఈ కంచెకు ఆకలి దాని నియమంలోనే పుట్టింది. గడప వద్ద హఠాత్తుగా దూకకుండా, విస్తీర్ణంతోబాటు క్రమంగా పెరిగే దూరాన్ని నియమంలో పెట్టి ఉంటే ఈ ఆకర్షణ చాలావరకు పోయేది. అటువంటి లెక్క నేటి సాఫ్ట్‌వేర్‌కు ఒక్క పంక్తి పని.

జంట జలాశయాల పది కిలోమీటర్లు

ఎంత దూరం అన్న ప్రశ్నకు తెలుగువారి చరిత్రలో అతి పెద్ద ఉదాహరణ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల రక్షణ వలయం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల నేపథ్యంలో ఈ జలాశయాలు రూపొందాయి. 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయినవి. వరదను ఆపడం, నగరానికి త్రాగునీరు ఇవ్వడం వాటి రెండు ప్రయోజనాలు.

1996 మార్చిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన 111వ నంబరు ఉత్తర్వు, జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పరీవాహక ప్రాంతంలో 10 కిలోమీటర్ల వరకు కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఆ దూరం 84 గ్రామాల జాబితాగా, సుమారు 1,32,000 ఎకరాలుగా రూపుదాల్చింది. ఆ వలయంలోపల ఒక పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపు సుప్రీంకోర్టుకు వెళ్లగా, 2000 డిసెంబరులో న్యాయస్థానం దానిని చెల్లదన్నది. హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యేవరకు ఆగరాదనే ముందుజాగ్రత్త సూత్రానికి ఆ వ్యాజ్యంలోని తీర్పులు భారతదేశంలో బలం చేకూర్చాయి.

ఆ ఉత్తర్వు ప్రయోజనం సందేహించదగినది కాదు. నగరం చుట్టూ కాంక్రీటు పెరిగిన రెండు దశాబ్దాలకు పైగా ఆ నేల చాలావరకు పచ్చగా నిలిచింది. అయితే ఎంచుకున్న ఆకారం మాత్రం ఆలోచింపజేస్తుంది. నీరు వృత్తాలను ఎరుగదు; పల్లాన్ని ఎరుగును. మూసీ నది వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి, 10 కిలోమీటర్ల గీతకు చాలా వెలుపల నుంచి ఉస్మాన్ సాగర్‌కు వస్తుంది. రెండు జలాశయాల పరీవాహక ప్రాంతం కలిపి రెండు వేల చదరపు కిలోమీటర్ల దాపున ఉండగా, ఉత్తర్వు కాపాడిన నేల అందులో సుమారు నాలుగో వంతు. పదకొండో కిలోమీటరు వద్ద వాగులో కలిసిన విషం గీత దగ్గర ఆగిపోదు. మరోవైపు గీతలోపల ఉన్న చిన్న రైతు, తన పొలం వాగుకు ఎంత దూరమైనా, ఒకే కట్టుబాటుకు లోబడి ఉండవలసి వచ్చింది.

ఆ అసంతృప్తి ఏళ్ల తరబడి పేరుకొన్నది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. 2023 మేలో మంత్రివర్గం 111వ ఉత్తర్వును పూర్తిగా రద్దుచేయ నిర్ణయించినట్లు ప్రకటించింది. పది కిలోమీటర్లే ఎందుకు, ఎనిమిదో పన్నెండో ఎందుకు కాదు అనే ప్రశ్నకు ప్రజలను ఒప్పించే జవాబు లేని హద్దు, ఒత్తిడి వచ్చినపుడు నిలబడడం కష్టం. ఇది జంట జలాశయాలు నేర్పే గుణపాఠం.

నెవార్క్ నేర్పిన పాఠం

బఫర్ వల్ల చిక్కులు తెలుగునాటికే పరిమితం కాదు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రంలో 1987 నాటి చట్టం ఒకటి ఉన్నది. పాఠశాల ఆవరణ నుంచి 1000 అడుగుల లోపల మాదకద్రవ్యాలు అమ్మినవారికి అదనపు శిక్ష. పిల్లలను కాపాడాలనే ఆ సంకల్పాన్ని తప్పుపట్టేవారుండరు. కాని జనసాంద్రత గల నగరంలో పాఠశాలలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక్కొక్క పాఠశాల బఫర్ చిన్నదే. అన్నిటినీ కలిపితే నగరమే బఫర్ అవుతుంది.

ఆ రాష్ట్రపు శిక్షల సమీక్షా సంఘం 2005లో పటాల సాయంతో పరిశీలించినపుడు, నెవార్క్ నగరంలో నాలుగింట మూడు వంతుల నేల ఇటువంటి వలయాలలో పడినట్లు తేలింది. విశాలమైన పల్లెప్రాంతాలలో అదే చట్టం కొద్ది నేలనే తాకుతుంది. ఫలితంగా ఒకే నేరానికి నగరవాసికి ఎక్కువ శిక్ష, పల్లెవాసికి తక్కువ శిక్ష. ఆ భారం అత్యధికంగా నల్లజాతివారి మీద, లాటిన్ అమెరికా మూలాలవారి మీద పడింది. ఊరంతా నిషిద్ధమైనపుడు పాఠశాల పరిసరాలకు ప్రత్యేక రక్షణ అంటూ ఏదీ మిగలదు కూడా. 2010లో ఆ చట్టాన్ని సవరించి న్యాయమూర్తులకు విచక్షణాధికారం ఇచ్చారు.

ఈ ఉదంతంలో గమనింపదగినది ఒకటున్నది. అన్యాయాన్ని సృష్టించిందీ బఫరే, దానిని బయటపెట్టిందీ బఫరే. వలయాలన్నిటినీ ఒకే పటం మీద పరచి అందరికీ చూపడంతో వాదానికి ఆధారం దొరికింది. సాధనం అధికారుల చేతిలో ఉన్నట్లే ప్రజల చేతిలోనూ ఉంటే దాని తప్పులను అదే దిద్దగలదు.

స్థిరమైన దూరం అక్కరలేదా?

ఇన్ని లోపాలున్నపుడు స్థిరమైన దూరాలను విడిచి, నేల వాలును, నేల స్వభావాన్ని, వాగుల దారిని అనుసరించి మారే హద్దులు గీయవచ్చు గదా అని నిపుణులు అనవచ్చు. సాంకేతికంగా అది సాధ్యమే. ఎత్తుపల్లాల సమాచారం నుంచి పరీవాహక ప్రాంతాన్ని సాఫ్ట్‌వేర్ తానే గుర్తించగలదు.

అయితే స్థిరమైన దూరానికి ఒక గొప్ప గుణం ఉన్నది. టేపు ఉన్న ఏ పౌరుడైనా దానిని సరిచూసుకోగలడు. నిపుణులకు మాత్రమే అర్థమయ్యే హద్దును నిపుణులే మార్చగలరు; ఆ మార్పు ఎవరికీ తెలియదు. పైగా నేలను అనుసరించిన హద్దులకు వివాదాలు తప్పుతాయన్న భరోసా కూడా లేదు. కొల్లేరు సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించినపుడు దూరాన్ని గాక సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు రేఖను హద్దుగా తీసుకున్నారు. నీటి స్వభావానికి అది తగిన కొలతే. అయినా 2006లో చేపల చెరువుల గట్లు తెంచిన నాటి నుంచి ఆ రేఖను మూడు అడుగులకు దించాలనే కోరిక వినవస్తూనే ఉన్నది. బ్రతుకుతెరువు ముడిపడి ఉన్న చోట ఏ రేఖ అయినా ప్రశ్నకు గురికాక తప్పదు.

కనుక ఉచితమైన మార్గం మధ్యస్థమైనది. దూరం సరళంగా ఉండవచ్చు. దాని పుట్టుక మాత్రం రహస్యంగా ఉండరాదు. బిడ్డ పుట్టినపుడు జాతకం వ్రాసినట్లు, ప్రతి బఫర్‌కూ ఒక జాతకం ప్రకటించాలి. మూలరేఖ ఏది, దానిని ఏ సంవత్సరపు సర్వే నుంచి గ్రహించారు, అలుగు ఎత్తు ఎంత, దూరం ఎంత, ఆ దూరానికి కారణమేమి, ఏ పటపద్ధతిలో గీశారు, కొలతలో తప్పు ఎంతవరకు ఉండవచ్చు – ఈ వివరాలు ఒక్క పుటలో పడతాయి. ఆ పుటను, ఆ పటాన్ని కంప్యూటర్‌లో తెరువగల రూపంలో, ఎవరి స్థలమైనా కూల్చకముందే, ఎవరి స్థలమైనా అమ్ముడుపోకముందే అందరికీ అందుబాటులో ఉంచాలి. కొలతలోని సందేహం బఫర్ వెడల్పును మించిన చోట, పటాన్ని కాక నేలను తిరిగి కొలిచి రాళ్లు పాతాలి.

ఇది అధికారుల బాధ్యతతో ముగిసేది కాదు. ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాలు స్వస్థలంలో భూమి కొనేటపుడు దస్తావేజును, అనుమతి పత్రాన్ని అడుగుతాయి. చెరువు ఎంత దూరమన్నది అడగవు. అడిగినా నోటిమాటతో తృప్తిపడతాయి. ఆ స్థలం సర్వే నంబరు ఏ మూలరేఖకు ఎంత దూరంలో ఉన్నదో పటం మీద చూపమని పట్టుబట్టడం కొనుగోలుదారు హక్కు. చూపలేని స్థలం ఎంత చౌక అయినా ఖరీదైనదే. అట్టి స్థలాన్ని వదులుకున్న కుటుంబం తన సొమ్మును మాత్రమే కాక ఒక చెరువును కూడా కాపాడినట్లవుతుంది.

ఈ కుటుంబాలలో సాఫ్ట్‌వేర్ విద్య నేర్చినవారికి కొదువ లేదు. క్యూ.జి.ఐ.ఎస్. వంటి సాధనాలు ఉచితం. సొంత ఊరి చెరువుకు ప్రభుత్వం ప్రకటించిన హద్దును తెరపైకి తెచ్చి, పాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, తేడా ఉంటే ఊరివారికి చూపడానికి ఒక సెలవుదినపు శ్రమ చాలు. ఇంట్లోని పిల్లలకు అది భూగోళ పాఠం, గణిత పాఠం, తాతల ఊరి పాఠం కూడా. వెనుకటి కాలంలో హద్దురాయి పాతేవేళ ఊరంతా సాక్షిగా నిలిచినట్లు, నేటి హద్దుకూ సాక్షులు కావాలి. తెర మీద గీసిన గీతకు సాక్షులుగా నిలవడానికి సముద్రాలు అడ్డు కావు.